రంగమునుండి రాని వంట

సముద్రము దాటి మన వంటయింటికి వచ్చిన వస్తువులను లెక్కింపబూనినవాడు మొదట ఆశ్చర్యపడును. పిదప తన విస్తరిలో స్వదేశీయమనదగినది ఏమి మిగులునో యని కొంత భయపడును. మిరపకాయ మనది కాదు. అది అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసువారి యోడలమీద మన తీరమునకు వచ్చినది. మా ఉత్తరాంధ్రమున రామములగ యని పిలువబడు టమాటాయు, బంగాళాదుంపయు, వేరుసెనగయు, మొక్కజొన్నయు ఆ దిక్కునుండి వచ్చినవే. పలాస పేరు వినినంతనే దేశమంతటికిని జ్ఞప్తికి వచ్చు జీడిపప్పునకు పుట్టినిల్లు బ్రెజిలు. అయినను వీనిలో ఏ యొక్కటియు మన గుమ్మమువద్ద నిలిచి, లోనికి రావచ్చునా యని అడిగిన జాడ లేదు. పులుసులో బెల్లము ప్రక్కను, పోపులో ఆవాల ప్రక్కను, తాతముత్తాతలనాటినుండి అచ్చటనే యున్నట్లు కూర్చున్నవి. నేడు మిరపకాయ లేని ఆవకాయను ఊహింపుమన్నచో మన కల్పనాశక్తి తడబడును.

పదార్థము ఇట్లు సులభముగా వచ్చును. విధానము అట్లు రాదు. పదార్థము ఒంటరిగా ప్రయాణము చేయగలదు. గోనెసంచిలో బడి, ఓడలో దొరలి, సంతలో దిగి, తన్ను కొన్నవాడు ఎట్లు వండిన అట్లు ఉడుకును. విధానమునకు సంచి లేదు. అది చేతిలో నుండును. చేతినుండి మఱియొక చేతికి మాత్రమే పోవును. ఆ పోవుటకు ఒక పొయ్యియు, ఆ పొయ్యిచెంత ఇద్దరు మనుష్యులును, ఆ యిద్దరికి కొంత తీరికయు, ఒకరి ప్రక్క నొకరు సరిసమానముగా కూర్చుండదగిన వీలును కావలెను. ఈ నాలుగింటిలో ఏది లోపించినను, రెండు జాతులవారు నూరేండ్లు ఒకే వీథిలో కాపురమున్నను, ఒకరి వంట మఱియొకరి యింటికి రాదు.

ఈ యభిప్రాయము నాకు ఏ శాస్త్రగ్రంథమువలనను కలుగలేదు; విజయనగరమున మా యింట వాంటన్‌లు చేయు సందర్భమున, పిండి చేతికంటి యుండగా కలిగినది. వాంటన్ అనగా, చైనాలో ఉత్తరమునుండి దక్షిణము వఱకు పలు పేరులతో వ్యాపించి, కాంటన్ ప్రాంతమున రొయ్యలతో విశేషప్రసిద్ధి గాంచిన వంటకము. పలుచని గోధుమపిండి పొరలో చిటికెడు రొయ్యనో మాంసమునో యుంచి, మడచి, నీట నుడికించి, వేడి చారులో వేసికొని తిందురు. ఇందులో రొయ్య మా సముద్రమునది, అల్లము మా మన్యపు కొండలది, నువ్వులనూనె విజయనగరపు గానుగలది, ఉల్లికాడలు పెరటివి, గోధుమ మా పొలమున పండకపోయినను తాతలనాటినుండి మా సంతలో దొరకుచునే యున్నది. పదార్థమంతయు నిచ్చటనే యుండగా, రావలసినది విధానమొక్కటి. అది వచ్చుటకు అవకాశములు లేకపోలేదు, ఎన్నో కలిగినవి. ఎందుచేత రాలేదనునదే ప్రశ్న.

మొదటి అవకాశము మిక్కిలి ప్రాచీనము. 7వ శతాబ్దమున చైనా భిక్షువగు హ్యూయన్‌త్సాంగు మన దేశమునకు వచ్చుచు, దారిలో తుర్ఫాను ఒయాసిసునందలి గౌచాంగు నగరమున విడిసెను. ఆ నగరవాసుల శ్మశానవాటికయగు అస్తానాలో, తాంగు వంశమునాటి సమాధులయందు, ఎడారిగాలి పొడితనముచే చెడక నిలిచిన మడత పిండివంటలు పురాతత్త్వవేత్తలకు దొరకినవి. అట్టి వంటకములు గల దేశమున పుట్టి, అట్టి వంటకములు గల నగరముమీదుగా నడచి, ఆ మహాయాత్రికుడు కొంగోద రాజ్యమును దాటి మా కళింగమున అడుగిడెను. వంశధార యొడ్డున శాలిహుండమునందును, విజయనగరమునకు చేరువ రామతీర్థపు కొండలమీదను బౌద్ధారామముల శిథిలములు నేటికిని ఉన్నవి. కళింగమునుగూర్చి ఆయన వ్రాసినదానిలో ఎడతెగని అడవులును, ఇరుగుపొరుగు రాజ్యములవారు మెచ్చు ఏనుగులును గలవు. ఇచ్చటి పొయ్యిమీద ఏమి యుడుకుచుండెనో లేదు. 645లో ఆయన 657 గ్రంథములతో స్వదేశమునకు మరలెను. గ్రంథములు గుఱ్ఱములమీద పోగలవు. భిక్షువునకు ఇల్లు లేదు, పొయ్యి లేదు, వండుకొను హక్కు లేదు. కావున ధర్మము రెండు దేశములనడుమ రాకపోకలు సాగించినను పాకము సాగింపలేదు.

రెండవ అవకాశము మన తాతలది. అది యింతకంటె దగ్గరది, ఇంతకంటె పెద్దది, ఇంతకంటె దుఃఖకరమైనది.

శ్రీకాకుళ విజయనగర ప్రాంతపు పల్లెలలో రంగూను నగరమునకు రంగమనియే పేరు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధము మొదలు రెండవ ప్రపంచయుద్ధము వఱకు ఈ తీరమున కరవు వచ్చినను, అప్పు మీఱినను, పెండ్లికి రూకలు కావలసినను, వినబడు మాట యొక్కటే: రంగము పోవుట. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి గావున ఆ నాటి లెక్కలలో వీరందరు గంజాము, విశాఖపట్టణము జిల్లాలవారు. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము మొదలగు రేవులలో బ్రిటిషిండియా స్టీము నావిగేషను కంపెనీవారి పొగయోడలెక్కి, డెక్కుమీద ఎండకు నెండి వానకు తడిసి, బంగాళాఖాతము దాటి పోయిరి. పోయి రేవులో బస్తాలు మోసిరి, బియ్యపు మిల్లులలో పని చేసిరి, రిక్షాలు లాగిరి, ఆ మహానగరపు మురికిని ఎత్తిపోసిరి. 1931 జనాభాలెక్కల ప్రకారము రంగూను ప్రజలలో సగమునకు మించినవారు భారతీయులు. ఆ నగరము బర్మాదేశమున నున్నదన్న మాటయే కాని, దాని రేవు మన బస్తీవలె తెలుగున కేకలువేయుచుండెను.

ఆ నగరమున మనవారికి చైనావారు దూరస్థులు కారు. నడుమ సూలే పగోడా; దానికి పడమరగా భారతీయుల వీథులు; ఆ వీథులు ముగిసినచోటనే లాథా ప్రాంతపు చీనా పేట. అందు హొక్కీను వర్తకులు, కాంటను వడ్రంగులు కాపురముండిరి. బర్మావారు మొదటివారిని పొడుగుచేతుల చొక్కాలవారనియు, రెండవవారిని పొట్టిచేతుల చొక్కాలవారనియు ఎఱిగియుండిరి. వాంటన్ ఎవరి యింటి వంటయో ఆ కాంటనీయులు మన రేవుకూలీ నిలిచినచోటికి కొన్ని వీథుల దూరమున సుత్తియు ఉలియు పట్టుకొని బ్రతుకుచుండిరి. అంతియ కాదు, ఇరువురికిని కష్టము సైతము వరుసగానే వచ్చినది. 1930 మే నెలలో రేవుపని విషయమై తెలుగు కూలీలమీద రంగూనులో ఘోరమైన అల్లరి చెలరేగెను. 1931 జనవరిలో అదే నగరమున చైనావారిమీద చెలరేగెను. ఒకరి తలుపు బ్రద్దలైన ఏడు నెలలకే మఱియొకరి తలుపు బ్రద్దలయ్యెను. పొరుగుతనము, పేదఱికము, భయము — మూడును సమానమే. అయినను ఆ పేట వంట ఈ పేటకు రాలేదు, రంగమునుండి మరలినవారి వెంట బర్మాటేకు పెట్టెలు వచ్చినవి, పట్టులుంగీలు వచ్చినవి, బంగారము వచ్చినది, మలేరియాయు వచ్చినది, వాంటన్ మాత్రము రాలేదు.

ఇందుకు పందిమాంసముపై గల ఏహ్యము కారణమని కొందరు చెప్పుదురు. అది కొంతవఱకు నిజమే కావచ్చును గాని, రొయ్యపొట్టును సైతము పాఱవేయక పొడి చేసికొను మా తీరవాసికి, మాంసమునకు బదులు రొయ్య వేయవచ్చునని తోపకపోవుటకు అది చాలిన కారణము కాదు. అసలు కారణము అతడు పోయిన తీరులోనే యున్నది. కూలీలను కుదుర్చు మేస్త్రీ ముందుగా కొంత సొమ్మిచ్చి ఓడ యెక్కించును. ఎక్కినది మొదలు ఆ సొమ్ము కూలిలోనుండి కోసికొనును. దిగినవానికి ఇల్లనునది లేదు. ఇఱుకు గదులలో పదులకొలది మనుష్యులు ప్రక్కప్రక్కను పండుకొను బసలు మాత్రమే. 1933లో వెలువడిన ఆండ్రూ దొరగారి రంగూను భారతీయ శ్రామికుల చరిత్రమును చదివినవారికి ఆ జీవనము కొంత తెలియును. స్త్రీలు బహుస్వల్పసంఖ్యాకులు. ఆడువారు లేని బసలో పొయ్యి యుండును గాని వంటయిల్లుండదు. కడుపు నింపుకొనుట యుండును గాని వండుట యుండదు. అన్నము కుండ దింపి, ఎండుచేప కాల్చి, రేపటి ఓడకు లేవవలసినవాడు పొరుగువాడు పిండిని ఎట్లు మడచుచున్నాడో ఆగి చూడగలడా? చూచినను నేర్చి యెవరికి వండును? ఇంటికి పంపవలసిన రూపాయలను లెక్కించువానికి తీరిక యనునది అన్నిటికంటె ఖరీదైన పదార్థము.

దీనికి ఎదురు సాక్ష్యమును చరిత్రయే యిచ్చినది. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుమీద పడినవి; మఱుసటి యేట లక్షలాది భారతీయులు కొండలు, అడవులు కాలినడకను దాటుచు, దారిలో వేలకొలది మరణించుచు, స్వదేశమునకు వచ్చిరి. ఆ నడకలో ప్రాణములు తప్ప మఱేమియు తెచ్చుటకు వీలులేకపోయెను. కాని 1962లో సైనికప్రభుత్వము వచ్చి, 1964లో అంగళ్ళను జాతీయము చేసిన పిమ్మట ఓడలలో మరలినవారు వేఱు. వారిలో పలువురు అచ్చట పుట్టి పెరిగినవారు, కుటుంబములవారు. తల్లులు, అత్తలు, కోడండ్రు వెంట నున్నవారు. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను వాడయే వెలసినది. మద్రాసులో బీచి స్టేషను చెంత బర్మా బజారు వెలసినది. ఆ చుట్టుప్రక్కల అత్తో యను బర్మా నూడిల్సు బండ్లు నేటికిని సాయంకాలములందు కిటకిటలాడుచున్నవి. మూడు తరముల కూలీలు తేలేని వంటను ఒక్క తరము కుటుంబములు తెచ్చినవి. ఓడ అదే, సముద్రమదే. మాఱినది ఒక్కటే: ఈసారి పొయ్యి ఓడ యెక్కినది.

మూడవ అవకాశము రైలుమీద వచ్చినది. 1893 మొదలు 1896 లోపల తూర్పుతీరపు రైలుదారి పూర్తికాగా, విజయనగరమును ఆముదాలవలసయు కలకత్తాకును మద్రాసుకును నడుమ స్టేషన్లయినవి. ఆ కలకత్తాలో 18వ శతాబ్దపు చివరనుండి చైనావారు కాపురమున్నారు. వారి వంటలు బంగాళీ నాలుకతో రాజీపడి, ఒక క్రొత్త జాతి యయినవి. అచ్చట పుట్టిన నెల్సన్ వాంగను పాకప్రవీణుడు 1975లో బొంబాయి క్రికెట్టు క్లబ్బున చికెన్ మంచూరియాను కల్పించెనని ప్రసిద్ధి. ఆ మంచూరియా నేడు విజయనగరపు ఘంటస్తంభము దగ్గఱను, శ్రీకాకుళపు ఏడురోడ్ల కూడలి దగ్గఱను బండ్లమీద చిటపటలాడుచున్నది. దీనిని చూచి చైనా వంట మన యింటికి వచ్చినదని సంతోషించుట తొందరపాటు. కోడిముక్కనో కోసుపువ్వునో పిండిలో ముంచి, కాగు నూనెలో వేయించి, పిదప నల్లని సోయా రసములో దొరలించుటయే గదా ఆ వంట! అది మన పకోడీ. మీదపోసిన రసము మాత్రము క్రొత్తది. అనగా నిచ్చటను వచ్చినది సీసాలోని పదార్థమే. విధానము మన పకోడీమూకుడు దాటి ఒక్క అడుగు వేయలేదు. నేను మంచూరియాను నిందించుట లేదు. వానకాలపు సాయంకాలమున దానిని నిందింపగలవాడెవడు? ఇది పదార్థమునకును విధానమునకును గల భేదమునకు చక్కని నిదర్శనమని మాత్రము చెప్పుచున్నాను.

ఇక మా యింటి పని. పావుకిలో మైదాలో ఒక కోడిగ్రుడ్డును, చిటికెడు ఉప్పును, నాలుగైదు పెద్ద చెంచాల నీటిని వేసి కలుపగా వచ్చు ముద్ద, చపాతీముద్ద కలిపిన చేతికి మొండిగా తోచును. నీరు పోయవలెనని మనసు లాగును, పోయరాదు. తడిగుడ్డ కప్పి ముప్పావుగంట విడిచినచో, లోనున్న జిగురు తనంతట సడలి, మొదట వినని పిండి పిదప అప్పడాలకఱ్ఱ చెప్పినట్లు వినును. కాంటనులో ఇందులో కొంత క్షారమును చేర్తురు. దానివలన పొరకు పసుపువన్నెయు, పంటికి సాగుచు తెగు బిగువును కలుగును. అప్పడపుపిండిలో క్షారము కలుపు మన గృహిణులకు ఈ రహస్యము వివరింపనక్కరలేదు. పిండికి బలము కారమువలన కాదు, క్షారమువలన వచ్చునని వారు ఏనాడో యెఱుగుదురు. ముద్దను మొక్కజొన్నగంజిపొడి చల్లుచు, క్రింది చాప గళ్ళు మీదికి కనబడునంత పలుచగా ఒత్తి, మూడున్నర అంగుళముల చతురస్రములుగా కోసినచో ముప్పదికి పైగా పొరలగును.

రొయ్యల విషయమున మా జిల్లాలవారు అదృష్టవంతులు. పూసపాటిరేగ దాటిన తీరమున చింతపల్లినుండియు, కోనాడనుండియు గంపలతో బస్సెక్కివచ్చు స్త్రీలవద్ద సముద్రపు రొయ్య దొరకును. చెరువుల వనామీ రొయ్య సంవత్సరమంతయు దొరకునది గాని, ఉప్పునీటి తీపి సముద్రపు రొయ్యకే అధికము. ఒలిచిన రొయ్యలను కొంచెము ఉప్పుతోను, తినుసోడాతోను పులిమి, కొంతసేపుంచి, చల్లనినీట బాగుగా కడిగినచో ఉడికిన పిదప పంటిక్రింద కఱకఱలాడును. సగము సన్నగా నఱికి, సగము ముక్కలుగా విడిచి, అల్లపురసము, ఉల్లికాడలు, తెల్లమిరియముల పొడి, కొంచెము సోయారసము చేర్చి, గరిటెతో ఒకే దిక్కునకు కలుపవలెను. ఇది మూఢాచారము కాదు. రొయ్యమాంసమునందలి మయోసిన్ అను మాంసకృత్తు ఉప్పుచే కరగి, కలుపుకొలది జిగటగా అల్లుకొని, ముద్దను విడివడకుండ పట్టియుంచును. నువ్వులనూనెకు ఇచ్చట ఒక సవరణ కావలెను. చైనావారు నువ్వులను వేయించి ఆడుదురు. మన గానుగలో పచ్చినువ్వులు ఆడుదురు. కావున పిడికెడు నువ్వులను దోరగా వేయించి, దంచి, మన నూనెలోనే వెచ్చజేసినచో ఆ పరిమళము చేతికి వచ్చును. యలమంచిలి పరిశోధనాక్షేత్రమువారి గౌతమ, శారద వంగడములు పండు నేలమీద నుండి, సీసానూనెకై సముద్రము దాటి చేయిచాచుట మర్యాద కాదు.

అసలు కష్టము మడతలో నున్నది. పొర నడుమ ఒక చిన్న చెంచాడు పూర్ణముంచి, అంచులకు నీరద్ది, త్రికోణముగా మడచి, రెండు మూలలను వెనుకకు తెచ్చి అతికింపవలెను. చెంచాడు మాత్రమే. ఇచ్చట మన ఆతిథ్యధర్మము అడ్డువచ్చును. వడ్డించు చేయి వెనుదీయుట తెలుగింట తప్పు. విస్తరి కనబడకుండ వడ్డించుటయే మర్యాద. ఆ మర్యాదతో పూర్ణము కూరినచో పొర పగులును. అంతకంటె పెద్ద శత్రువు గాలి. మడతలో చిక్కిన గాలి మరుగునీట వ్యాకోచించి అంచును చీల్చును; కావున పూర్ణముచుట్టును బొటనవ్రేలితో నొక్కుచు, గాలిని వెడలగొట్టి, పిదప మూయవలెను. నేను ఈ విద్యను మొదట చేతిలోని ఫోను తెరమీద చూచి నేర్చుకొంటిని. తెర ఆకారమును చూపును, వేగమును చూపును, వెనుక సంగీతమును వినిపించును. ఎంత నొక్కవలెనో చెప్పదు. దానిని చెప్పినవాడు ఘంటస్తంభము చెంత మోమోల బండి పెట్టుకొన్న నేపాలు కుఱ్ఱవాడు. నా సందేహము విని, బేరము నడుమనే నా బొటనవ్రేలిని తన వ్రేళ్ళతో పట్టి, పిండి పొరమీద ఒక్కసారి నొక్కించి విడిచెను. మోమో ఆవిరిలో ఉడుకునది, వాంటన్ నీట నుడుకునది, రెండును జ్ఞాతులు. ఆ ఒక్క నొక్కుడుతో తెర చెప్పజాలని పాఠము పూర్తియైనది.

ఆదివారము మధ్యాహ్నము చాపమీద ఇంటిల్లపాదియు చుట్టును కూర్చుండగా, మా పెద్దమ్మ ఒక పొరను చేతబట్టి వెలుగునకెత్తి చూచి, "ఏటిరా బాబూ ఇది? ఉడకేసిన కజ్జికాయేటి?" అని అడిగినది. ఆ ప్రశ్నయందు పరిహాసమున్నను ప్రజ్ఞయు ఉన్నది. ఏబది సంక్రాంతులు కజ్జికాయల అంచు మూసిన చేతికి మడత క్రొత్తది కాదు. భేదమంతయు ఉద్దేశములో నున్నది: కజ్జికాయ పదిదినములు డబ్బాలో నిలువవలెనని నూనెలో గట్టిపడును, వాంటన్ క్షణములో తినబడవలెనని నీట మెత్తబడును. నా వలె తెరను చూడక, ఒక్కదానిని మాత్రము చూచి, ఆమె చకచక మడచుచు పోయినది. మా పళ్ళెములో మూడు చేరులోపల ఆమె పళ్ళెము నిండినది. ఒక విధానమును చేతనుంచుకొన్నవారికి రెండవది వేగముగా వచ్చునని అప్పుడు తెలిసినది. రంగూనులో మేస్త్రీ బసలకు బదులు ఇట్టి పెద్దమ్మలున్న ఇండ్లు చీనా పేట ప్రక్కన నుండినచో, ఈ వంట మా తీరమునకు వచ్చుటకు ఒక్క సంవత్సరము పట్టియుండదు.

ఉడికించుటకు వేఱుగ నీరు, చారునకు వేఱుగ కుండ యుండవలెను. ఒక్కటేయైనచో పొరల పొడి కరగి చారు గంజియగును. రొయ్యతలలను, పొట్టును కొంచెము నూనెలో ఎఱ్ఱగా వేయించి, అల్లము చిదిపి వేసి, గుప్పెడు ఎండురొయ్యలు చేర్చి, అరగంట సన్నని సెగను కాచి వడపోసినచో చారు సిద్ధము. కాంటనులో ఎండుచేపను కాల్చి ఇందులో వేయుదురు. ఎండుచేప విషయమున బారువవారికిని, భావనపాడువారికిని కాంటను బోధింపదగినది ఏమియు లేదు. మరుగునీట వేసిన వాంటన్‌లు మొదట మునుగును. మూడు నాలుగు నిమిషములలో పొర అద్దమువలె మాఱి, లోని గులాబివన్నె కనబడుచు పైకి తేలును. తీసి చారులో వేసి, ఉల్లికాడలు చల్లి గిన్నెలు చేతికిచ్చితిమి.

పెద్దమ్మ రెండు తిని, తల యూపి, "బాగానే ఉన్నాది గానీ, ఉప్పూ కారం ఏటీ ఆనలేదురా" అని, లేచి వెళ్ళి ఆవకాయ ఊటను తెచ్చుకొన్నది. పిల్లలు నవ్విరి. నేను నవ్వలేకపోతిని, ఏలయన చైనాలోనే సుచువాను ప్రాంతమువారు ఇదే వంటకముమీద ఎఱ్ఱని మిరపనూనెను పోసికొని తిందురు. అమెరికానుండి బయలుదేరిన మిరపకాయ కొన్ని శతాబ్దములక్రితమే ఆ యింటికిని, మా యింటికిని, రెండింటికిని చేరినది. పదార్థము ముందుగా పోయి రెండు దేశముల నాలుకలను సిద్ధముచేసి కూర్చున్నది; రెండు విధానములు కలిసికొనుట మాత్రము ఇన్నాళ్ళకు, ఒక గిన్నెలో, ఒక ముసలమ్మ పట్టుదలవలన జరిగినది.

దీనినిబట్టి మా యింటివారు రంగమునకు పోయిన తాతలకంటె బుద్ధిమంతులనియో, రసికులనియో తలచుట కృతఘ్నత. వారికి లేనిదియు మాకున్నదియు ఆదివారమొక్కటే. ఆ యాదివారమును సైతము మాకు సంపాదించి యిచ్చినది వారు మోసిన బస్తాలే యని చెప్పినను అతిశయోక్తి కాదు. రంగము రూకలతో నిలిచిన ఇండ్లు, చదివిన పిల్లలు ఈ రెండు జిల్లాలలో తక్కువవారు కారు. ఋణము తీర్చుకొందమన్నచో వారు లేరు. కాని వారి స్థానము ఖాళీగా లేదు. ఇప్పుడు మా పట్టణమే యొకరికి రంగము. మోమోలబండి కుఱ్ఱవాడు తనవారితో కలిసి ఒక చిన్న గదిలో ఉండునట. మిగిలిన మోమోలు సైతము తినక, రాత్రి అన్నమును పప్పును ఒకే కుక్కరులో పెట్టుకొని తిని పండుకొందురట. ఇంటివద్ద తల్లి చేయు వంటలు ఏవని అడిగినచో వ్రేళ్ళు మడచి పదింటిదాక చెప్పెను గాని, వానిలో ఏ యొక్కటియు బండిమీద అమ్మబడునది కాదు. మేము అతనివద్ద ఇన్నాళ్ళు కొన్నది పదార్థమే. అతని చేతిలో నున్న విధానము, ఒక బొటనవ్రేలి నొక్కుడు తప్ప, మా యింటికి రాలేదు. రమ్మని ఎవ్వరును అనలేదు గనుక.

కావున ఆదివారము మా యింటికి వచ్చి పెద్దమ్మ ప్రక్కన కూర్చుండుమని అతనిని అడిగితిని. అతడు కొంత సిగ్గుపడి, మా యాసలోనే, "ఆదివారం బేరం ఎక్కువుంటాది సార్. సోమవారం అయితే వస్తాను" అనెను. మన తీరికదినము అతని పనిదినమన్న మాట అంతవఱకు నాకు తట్టలేదు. ఇంట విచారించి, పిల్లలు బడినుండి వచ్చు వేళకు అతడు బండి కట్టకముందు ఒక గంట కుదురునని తేల్చి, మా యింటి వాంటన్‌ల పనిని సోమవారమునకు మార్చితిమి.